మూడున్నర సిలిండర్ల అంబాసిడర్

ఎంజీ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? హెక్టర్ కదా. హైదరాబాద్‌లో మా ఆఫీస్ పార్కింగ్‌లో నాలుగైదు ఉంటాయి. నాకు మాత్రం కరీంనగర్‌లో మా ఇంటి పక్క రేకుల షెడ్డు గుర్తొస్తుంది. అందులో టార్పాలిన్ కింద ఓ తెల్ల అంబాసిడర్. 1982 మోడల్, పెట్రోల్. వెనక సీటు మీద ఓ కోడి గుడ్లు పెట్టేది కూడా.

నవ్వకండి, చుట్టరికం నిజంగానే ఉంది. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్ అనే ఆయన గ్యారేజీ అది. ఆయన పేరు మీదే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఫ్యామిలీ కారు కూడా వచ్చింది. దాని మూడో సిరీస్‌ను 1950ల చివర్లో హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారు చేసి అంబాసిడర్ అని పేరు పెట్టింది. తర్వాత అందులోకి 1489 సీసీ బీ-సిరీస్ ఇంజిన్ వచ్చింది. అదే 1489 సీసీ ఇంజిన్ పెట్టుకొని అక్కడ 1955లో ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు రోడ్డెక్కింది. ఇప్పుడు కలెక్షన్‌లో ఉంచుకునే వాళ్లు ఇష్టపడే కార్ల వరసలోది. మన దగ్గరేమో అదే ఇంజిన్ కలెక్టర్ సాబ్ దగ్గరి నుంచి కిరాయి బండిదాకా అందరినీ మోసింది.

ఈ సంగతి నాకు 2020 లాక్‌డౌన్‌లో తెలిసింది. వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంటికొచ్చి, రాత్రిపూట ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే ఒకాయన ఎర్ర ఎంజీఏ బానెట్ ఎత్తాడు. నేను లేచి కూర్చున్నా. ఈ ఇంజిన్ నేను చూసిందే! చిన్నప్పుడు టార్చ్ లైట్ పట్టుకొని బాపు పక్కన గంటలు గంటలు నిలబడి చూసిందే. తేడా ఒక్కటే, మనకు ఒక కార్బురేటర్, వాళ్లకు రెండు.

నంబర్లు వెతికా. సాఫ్ట్‌వేర్ వాడికి అదో జబ్బు. పిస్టన్ 73 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 88.9 మిల్లీమీటర్లు. రెండింటికీ అవే. కానీ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో అది దాదాపు 50 హార్స్‌పవర్ ఇస్తే, ఎంజీఏలో మొదట 68, కొద్ది రోజులకే 72 ఇచ్చింది. తర్వాత 1962లో వచ్చిన ఎంజీబీలో అదే స్ట్రోక్‌తో, పిస్టన్ మాత్రం 80 మిల్లీమీటర్లు దాటించి, 1798 సీసీ చేసి 95కు తీసుకుపోయారు.

మా బండికి రావాల్సిన 22 గుర్రాలు ఎక్కడ పోయినట్టు?

ఆ ప్రశ్న నన్ను ఎందుకంత పట్టుకుందో చెప్పాలంటే మహబూబ్ ఘాట్ గురించి చెప్పాలి.

మా మేనత్తది ఇచ్చోడ. నిర్మల్ దాటాక ఆదిలాబాద్ పోయే దారిలో ఉంటుంది. బాపు బండి కరీంనగర్‌లో టాక్సీగా నడిచేది. పెళ్లిళ్లు, దవాఖాన కేసులు, ఎలక్షన్ ప్రచారం, ఏది దొరికితే అది. ఎన్ని కిరాయిలున్నా సద్దుల బతుకమ్మకు ముందు రెండు రోజులు మాత్రం బండి మాది. అత్తను తోల్కరావాలి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్, సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్. అక్కడిదాకా బండి దొర లెక్క పోయేది. ఖాళీగా పోవుడెందుకని బాబాయి పిల్లల్ని కూడా ఎక్కించేవారు. మొత్తం ఎనిమిది, తొమ్మిది మందిమి.

ఘాట్ మొదలయ్యాక మూడో మలుపులోనో నాలుగో మలుపులోనో ఇంజిన్ గొంతు మారేది. మూడో గేర్ నుంచి రెండు, రెండు నుంచి ఒకటి. రేడియేటర్ నుంచి ఆవిరి. "దిగుండ్రి" అనేవాడు బాపు. అందరం దిగి నడక. నాకు మాత్రం ఒక డ్యూటీ ఉండేది. డిక్కీలో ఒక రాయి ఉండేది, మా అవ్వ పసుపు కొమ్ములు దంచే రాయి అంత. దాన్ని రెండు చేతులా పట్టుకొని వెనక టైరు పక్కనే నడవాలి. బండి ఆగితే వెంటనే టైరు కింద పెట్టాలి. బాపు మళ్లీ క్లచ్ వదిలి ముందుకు కదిలితే తీసి పట్టుకొని మళ్లీ నడవాలి.

ఒక ఏడాది అట్లా నడుస్తుంటే ఆర్టీసీ బస్సు పక్క నుంచి పోయింది. కిటికీల్లో పిల్లలు "నూకు, నూకు" అని అరిచారు. నాకప్పుడు పదేళ్లు. కొత్తగా ఇంగ్లిష్ మీడియంలో చేరాను. ఆ బస్సులో మా క్లాసు వాళ్లెవరూ లేరు. అయినా ఉన్నట్టే అనిపించింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ అరుపు చెవిలో ఉందంటే చూడండి.

అందుకే 72 అనే అంకె నాకు అంకెలా కనబడలేదు.

బాపుకు చెబితే ముందు నవ్వాడు. "గీ బండిని రేసు కారు జేస్తవా? పాత ఇనుమురా బిడ్డా అది." కానీ టార్పాలిన్ మాత్రం ఆ సాయంత్రమే తీశాడు. కోడిని వెళ్లగొట్టాడు.

నేను ఎక్సెల్ షీట్ తయారు చేశా. ఏ పార్ట్‌కు ఎంత ఖర్చు, ఎంత పవర్. మొదటి ఆలోచన సులువైనదే, ఇంజిన్ మొత్తం మార్చేద్దామని. హిందుస్థాన్ మోటార్సే 1990ల్లో అంబాసిడర్‌లో ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్లు పెట్టి అమ్మింది. 75 హార్స్‌పవర్. లేదంటే ఏదైనా కొత్త కారు ఇంజిన్. కానీ ఇంజిన్ మారిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు, బండికి పొంతన లేకుండా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. అప్పట్లో టాక్సీల వాళ్లు పెట్రోల్ తీసి డీజిల్ ఇంజిన్లు పెట్టించుకున్నారు, కొందరు డిక్కీలో వంటగ్యాస్ సిలిండర్ పెట్టి నడిపారు. ఆ రోజులు వేరు. నాకైతే అసలు వేరే ఇంజిన్ పెట్టాలని లేదు. ఈ ఇంజినే ఎక్కాలి ఆ ఘాట్.

రెండో ఆలోచన, బోరు కొట్టించి సైజు పెంచడం. ఆన్‌లైన్‌లో అందరూ గొప్పగా చెబుతారు. లెక్క వేసి చూస్తే నవ్వొచ్చింది. 40 థౌ, అంటే ఒక మిల్లీమీటర్ పైచిలుకు బోరు పెంచితే 1489 సీసీ కాస్తా 1531 అవుతుంది. 42 సీసీ. మూడు శాతం కూడా లేదు. సిలిండర్లు అరిగిపోతే చేయించాల్సిన రిపేరే తప్ప దాంతో బండి రెక్కలు కట్టుకొని ఎగరదు.

మరి ఎంజీ వాళ్లు ఏం చేశారు? ఊపిరి పెంచారు. బీ-సిరీస్ హెడ్‌లో ఒక విచిత్రం ఉంది. నాలుగు సిలిండర్లుంటే గాలి, పెట్రోల్ లోపలికి పోయే దారులు రెండే. ఒకటి, రెండు సిలిండర్లకు ఒకటి, మూడు, నాలుగుకు ఇంకొకటి. ఒక ఇంట్లో రెండు కుటుంబాలకు ఒకే తలుపు ఉన్నట్టు. మన అంబాసిడర్‌లో ఆ రెండు తలుపులకూ కలిపి ఒకే గేటు, అంటే ఒకే కార్బురేటర్. ఎంజీఏలో ఒక్కో తలుపుకు ఒక్కో ఎస్‌యూ కార్బురేటర్ పెట్టారు, ఒకటిన్నర అంగుళాలవి. కంప్రెషన్ రేషియో 8.3కు తెచ్చారు. మన దగ్గర అప్పటి పెట్రోల్‌ను బట్టి అంతకంటే తక్కువ ఉంచారు. ఇప్పుడు బంకులో దొరికే పెట్రోల్‌కు 8.3 ఒక లెక్కే కాదు.

ఇంగ్లండ్‌లో ఈ పాత ఎంజీల పార్టులు ఇప్పటికీ అమ్ముతారు. సెకండ్ హ్యాండ్ కార్బురేటర్ల జత, మ్యానిఫోల్డ్‌తో సహా తెప్పించా. షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే ఒక నెల జీతం. అవ్వకు సగమే చెప్పా.

ఆ డబ్బా పట్టుకొని మెకానిక్ చాచా దగ్గరికి పోయాను. బాపు టాక్సీ తోలిన కాలమంతా ఈ బండిని చూసింది ఆయనే. డబ్బా తెరిచి కార్బురేటర్ ఒకటి చేతిలోకి తీసుకొని, పిస్టన్‌ను వేలితో లేపి వదిలాడు. టక్ అని కింద పడింది. "మంచిగున్నయి బేటా," అన్నాడు. "గని ముందు కొలవాలె. తర్వాత కొనాలె. నువ్వు ఉల్టా జేసినవ్."

నాకు కొంచెం కోపమొచ్చింది. కొలిచాం. ప్లగ్గులు తీసి, గేజ్ పెట్టి, సెల్ఫ్ కొట్టి కంప్రెషన్ చూశాం. ఒకటో సిలిండర్ 120. రెండు 115. నాలుగు 118. మూడోది 70 దగ్గర ఆగింది. కాసింత ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూసినా పెరగలేదు. ఆయిల్ పోస్తే పెరిగితే రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వ్ లీకవుతున్నట్టు.

హెడ్ ఇప్పాం. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలి, చంద్రవంకలా కొరికేసినట్టుంది. ఈ ఇంజిన్‌లో నడిమి రెండు సిలిండర్ల పొగ ఒకే దారిలో పోతుంది, అక్కడ వేడి ఎక్కువ. దానికి తోడు ఇంకో సంగతి. పాత పెట్రోల్‌లో సీసం కలిపేవారు. అది వాల్వ్ కూర్చునే చోట మెత్తటి పొరలా పనిచేసి అరుగుదలను ఆపేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే. గాలికి, మనుషులకు చాలా మంచి పని. కానీ ఇలాంటి పాత ఇంజిన్లలో వాల్వ్ సీటు మెల్లగా అరిగి, వాల్వ్ హెడ్‌లోకి దిగుతుంది. దిగేకొద్దీ ట్యాపెట్ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ పోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. మూసుకోకపోతే కాలుతుంది.

"గిది కొత్త ముచ్చట గాదు," అన్నాడు చాచా, వాల్వ్‌ను గుడ్డతో తుడుస్తూ. "హెడ్‌కు సీట్లు ఎయ్యాలె, వాల్వులు మార్చాలె అని మీ బాపుకు ఎప్పుడో చెప్పిన. వచ్చే నెల జేద్దాం అన్నడు. నేను పాత వాల్వ్‌నే రుద్ది రుద్ది పెట్టిన. మళ్లీ కాలుడు, మళ్లీ రుద్దుడు."

ఎప్పుడు చెప్పినవ్ చాచా అని అడిగా.

కొంచెం ఆలోచించాడు. "నిన్ను గా కాన్వెంట్ల ఏసిండు సూడు. గా ఏడాది."

అప్పుడు నేను ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక బాపును అడిగా, మూడో సిలిండర్ సంగతి నీకు తెలుసా అని. అన్నం తింటున్నాడు. "తెల్వకేం. నడుస్తుండె గదా," అన్నాడు. కాసేపాగి, "ఆ వచ్చే నెల ఇప్పుడొచ్చింది తియ్యి," అని మజ్జిగ పోసుకున్నాడు.

బస్సులో పిల్లలు నవ్విన బండి మూడున్నర సిలిండర్ల మీద నడిచింది. ఆ మిగతా అర సిలిండర్ నా స్కూల్ ఫీజు. నా ఎక్సెల్ షీట్‌లో దీనికి కాలమ్ లేదు.

తర్వాత పని నెమ్మదిగా సాగింది, నేను శనాదివారాలు వస్తేనే కాబట్టి. ఇంజిన్ ఎలాగూ ఇప్పాం, సిలిండర్లు కూడా అరిగి ఉన్నాయి, 40 థౌ బోరు కొట్టించాం. నవ్వుకున్న 42 సీసీ అలా వచ్చి చేరింది. నాలుగు ఎగ్జాస్ట్ వాల్వులకూ గట్టి సీట్లు వేయించాం, కొత్త గైడ్లు, కొత్త వాల్వులు. లేత్‌లో హెడ్ ఫేసింగ్ చేయించి కంప్రెషన్ కాస్త పెంచాం. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ వస్తోంది కాబట్టి రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ అన్నీ దానికి తట్టుకునేవి పెట్టాం. ఇదంతా ఇక్కడ నాలుగు లైన్లే గానీ అప్పుడు పద్నాలుగు నెలలు.

కార్బురేటర్ల సెట్టింగ్ మాత్రం చెప్పాలి. రెండూ సమానంగా గాలి పీల్చకపోతే ఇంజిన్ కుంటుతుంది. నేను ఫ్లో మీటర్ ఒకటి ఆర్డర్ పెట్టా. అది వచ్చేలోపు చాచా ఒక మూరెడు రబ్బరు పైపు తీసుకొని, ఒక కొస చెవిలో, రెండో కొస ఒక కార్బురేటర్ మూతి దగ్గర పెట్టి కళ్లు మూసుకున్నాడు. తర్వాత రెండోదాని దగ్గర. స్క్రూ పావు మలుపు. మళ్లీ మొదటిది. పది నిమిషాలు. మీటర్ వచ్చాక పెట్టి చూస్తే రెండింటికీ ముల్లు ఒకే చోట నిలిచింది. దాన్ని డబ్బాలో పెట్టేశా, రిటర్న్ గడువు కూడా అయిపోయింది.

పవర్ ఎంత పెరిగిందని అడుగుతారు. మెషీన్ మీద పెట్టి కొలిపించలేదు. బైపాస్ రోడ్డు మీద టాప్ గేర్‌లో 40 నుంచి 80కి పోవడానికి ఇంతకుముందు 24 సెకన్లు పట్టేది, ఇప్పుడు 15. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మూడుసార్లు చూశా. ఇందులో ఎంజీ కార్బురేటర్ల వాటా ఎంత, కాలిపోయిన వాల్వ్ మార్చిన వాటా ఎంత అంటే, నిజం చెప్పాలంటే వాల్వ్‌దే ఎక్కువనుకుంటా. బండికి లేని బలం తెద్దామని బయల్దేరి, దానిదే దానికి తిరిగిచ్చాను. మీ దగ్గర కూడా పాత బండి ఏదైనా ఉంటే, బుల్లెట్ అయినా సరే, మోడిఫికేషన్ కిట్ కొనేముందు కంప్రెషన్ చూపించండి. నేను ఖర్చు పెట్టి నేర్చుకున్నది మీకు ఊరికే చెబుతున్నా.

పోయినేడు బతుకమ్మకు అత్తను తేవడానికి అంబాసిడర్‌లోనే బయల్దేరాం. బాపు, నేను. నిర్మల్ దాటాక పాత ఘాట్ రోడ్డు మీదే పోదామన్నాడు. స్టీరింగ్ నా చేతిలో. మొదటి మలుపు, రెండు, మూడు. మూడో గేర్‌లోనే లాగుతోంది. ఎక్కడ దిగి నడిచేవాళ్లమో ఆ మలుపు వచ్చింది, వెళ్లిపోయింది. కోతులు గోడ మీద కూర్చొని చూశాయి. టెంపరేచర్ ముల్లు కదల్లేదు. బాపు ఏమన్నా అంటాడేమోనని ఓరగా చూశా. కిటికీలోంచి టేకు చెట్లు చూస్తున్నాడు. పైకెక్కాక అన్నాడు, "పికప్ మంచిగున్నది. పెట్రోల్ ఎంత దాగుతుందో మరి."

మరుసటి రోజు తిరుగు ప్రయాణం. వెనక సీట్లో అత్త, మామ, మూడు సంచులు, ఒక బుట్టెడు గునుగు పూలు. నాకు ఊపొచ్చింది. ఘాట్ దిగుతూ టాప్ గేర్‌లోనే 70 మీద వదిలా, మలుపు ముందు బ్రేక్, మళ్లీ వదలడం, మళ్లీ బ్రేక్. నాలుగో మలుపు దగ్గర పెడల్ తొక్కితే కాలు ఎప్పటికంటే కిందికి పోయింది. బండి తగ్గాల్సినంత తగ్గలేదు. కాలిన వాసన.

ఇందులో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. వేగం 60 నుంచి 80 అయితే ఆపాల్సిన శక్తి దాదాపు 1.8 రెట్లు అవుతుంది, వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి. ఇది ఇంటర్‌లో చదివా, ఎంసెట్‌లో రాశా. ఎంజీ వాళ్లు కూడా 1959లో ఇంజిన్ పెంచి ఎంజీఏ 1600 తెచ్చినప్పుడు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టారు. ఆ లైన్ కూడా చదివా. ఎక్సెల్ షీట్‌లో బ్రేకులు అనే వరస ఉంది, దాని ఎదురుగా "తర్వాత" అని రాసుకున్నా.

బాపు అరవలేదు. "క్లచ్," అన్నాడు. తొక్కా. పాత మోడల్ కదా, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే, ఎడమ వైపు. ముందు సీటు కూడా బెంచీలా ఒకటే. జరిగి వచ్చి, నా చేయి తీసేసి, రాడ్ తనే పట్టుకొని మూడులో వేశాడు. "వదులు." ఇంజిన్ గర్జించింది, బండి వెనక్కి పట్టి లాగినట్టయింది. "మళ్ల క్లచ్." రెండు. "ఇగ గట్లనే పోనీ. బ్రేక్ ముట్టకు." పెంచిన కంప్రెషన్ ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువ అక్కరకొచ్చింది.

రోడ్డు కొంచెం వెడల్పున్న చోట పక్కకు తీసి ఆపాం. హ్యాండ్ బ్రేక్ లాగితే బండి ఇంకా మెల్లగా జారుతోంది. డ్రమ్ములు అంత వేడిగా ఉన్నాయి.

"డిక్కీల రాయున్నది, తీస్కరాపో," అన్నాడు బాపు.

ఎప్పుడు పెట్టాడో. పరుగెత్తి తీసుకొచ్చి ముందు టైరు కింద పెట్టా. చేతులు వణుకుతున్నాయి. అత్త కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. "ఏందిరా అల్లుడా, అప్పుడు ఎక్కేటప్పుడు పెడుతుంటివి, ఇప్పుడు దిగేటప్పుడు పెడుతున్నవ్?"

మామ నవ్వాడు, బాపు కూడా. డ్రమ్ములు చల్లారడానికి అరగంట పట్టింది. అందాకా అత్త గునుగు పూలు వాడిపోకుండా నీళ్లు చల్లుతూ కూర్చుంది. అక్కడి నుంచి కరీంనగర్ దాకా బాపే తోలాడు.